ఆశీర్వాదానికి ముందే లేచి వెళ్ళే సిస్టర్‌గారు

స్తోత్రం. ఏ సంగతీ మొదలుపెట్టక ముందు ఆయనకు స్తోత్రం. ఆకాశాన్నంటే చెట్లను చేసినందుకు ఆయన్ని స్తుతించేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి, నా వంతుగా గడ్డిని చేసినందుకు స్తుతిస్తున్నాను. మోకాలి ఎత్తు గడ్డిని, దాని చివర సూదిలాంటి గింజను, ఆ గింజ వెనక మెలి తిరిగిన తోకను చేసినందుకు స్తుతిస్తున్నాను. కప్పపిల్లను చేసి, దానికి తోక ఇచ్చి, సమయం చూసి మళ్ళీ ఆయనే ఆ తోక తీసేస్తున్నందుకు స్తుతిస్తున్నాను. ముప్పై ఏళ్ళుగా మొదటి వరుసలో కూర్చుని, వాక్యం వింటూ, మధ్యమధ్య వెనక్కి తిరిగి ఎవరు వినడం లేదో చూస్తూ వచ్చిన నాలాంటివాణ్ణి పారేయకుండా ఉంచుకున్నందుకు మరీ ఎక్కువగా స్తుతిస్తున్నాను.

ఇప్పుడు సంగతి.

మొన్న వానల్లో ఒక పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చి, బీరువా అడుగున పడి ఉన్న పాత నీలం ప్యాంటు తీశాను. అది నాకు పట్టదని మా ఆవిడ చెప్పింది. పడుతుందని నేను పట్టుబట్టి కాలు దూర్చాను. మడమ పైన ఏదో చురుక్కుమంది. అంచు కుట్టు విప్పి చూస్తే, లోపల అడ్డంగా ఇరుక్కుని ఒక గడ్డి గింజ. ఎన్నిసార్లు ఉతికారో, ఎన్నేళ్ళు మడత పెట్టి ఉంచారో, దాని మొన మాత్రం కొంచెమైనా మొద్దుబారలేదు.

"ఏమైంది, అరిచారు?" అని వంటింట్లోంచి అడిగింది మా ఆవిడ.

"సిస్టర్‌గారు," అన్నాను.

ఆమె పోయి అప్పటికి ఏడు నెలలు.

పేరు రాయను. ఆమెకు నచ్చదు. ఫరీదాబాద్ చివర, ఫ్యాక్టరీల వెనక, కొండ మొదలయ్యే చోట పన్నెండెకరాల జాగా ఉంది. ఒకప్పుడు అక్కడ ఊరంతా కూల్చిన ఇళ్ళ రాళ్ళూ రప్పలూ తెచ్చి పోసేవారు. మిగిలిన చోటంతా విలాయతీ కీకర్, మన వైపు సర్కారు తుమ్మ అంటారే, అది. పదిమంది కలిసి ఆ రాళ్ళు ఎత్తించి, తుమ్మ వేళ్ళతో పెకలించి, పాతకాలంలో ఆ నేల మీద ఉండిన గడ్డిని మళ్ళీ మొలిపించి, మధ్యలో ఒక కుంట తవ్వారు. ఆ పదిమందిలో రోజూ వచ్చేది ఈమె ఒక్కతే. ఎవరో పెద్దమనిషి అక్కడ ఒక బెంచీ వేయించి, ఆమె పేరు చెక్కిస్తానంటే, "కూర్చునేదానికి పేరెందుకన్నా, కూర్చుంటే చాలు గదా," అని పంపేశారట. అక్కడ ప్రతి గడ్డికీ ఒక పలక మీద పేరు ఉంది. మనుషుల పేరు ఒక్కటీ లేదు.

ఇదంతా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మొదట నాకు తెలిసినదల్లా ఒక్కటే: ఆమె ఆశీర్వాదానికి ముందే లేచి వెళ్ళిపోతారు.

మాది ఢిల్లీ మయూర్ విహార్‌లో ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని కూడుకునే తెలుగు సంఘం. పిల్లల బెంచీల మీద మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఆరాధన చేస్తాం. నేను సంఘ పెద్దను. హాజరు రిజిస్టరు నాది. నిజానికి ఎవరూ ఆ రిజిస్టరు పెట్టమనలేదు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఇరవై ఏళ్ళు ఫైళ్ళు చూసిన చేతికి ఆదివారం కూడా ఏదో ఒకటి ఉండాలి కదా. వచ్చినవాళ్ళ పేర్ల పక్కన టిక్కు, రానివాళ్ళ పక్కన సున్నా, ఇంకా 'విశేషాలు' అని ఒక గడి. ఆ గడిలో ఆరు నెలల పాటు ఆమె పేరుకు ఎదురుగా ఒకే వాక్యం రాశాను: "ఆశీర్వాదానికి ముందే వెళ్ళిపోయారు."

తలుపు పక్క చివరి బెంచీ ఆమెది. నేత చీర, కాన్వాసు బూట్లు, జనపనార సంచి. సంచిలోంచి ఒక బ్రష్షు పిడి ఎప్పుడూ బయటకు తొంగి చూస్తుండేది. ముగింపు ప్రార్థన అయ్యి, మా పాస్టరు అయ్యగారు ఆశీర్వాదం కోసం చేయి ఎత్తీ ఎత్తకముందే ఆమె లేచేవారు. అయ్యగారి చేయి పైకి, ఆమె బయటికి. ఆ రెండింటికీ ఏదో తాడు కట్టినట్టు ఉండేది. దీవెన వద్దనుకునే విశ్వాసిని నేను అంతకు ముందు చూడలేదు. ఇది నులివెచ్చని విశ్వాసం అని తేల్చుకుని, ఆమె ఆదివారాలు ఫరీదాబాద్‌లో ఏదో తోట చూసుకుంటారని ఎవరో చెప్తే, ఒక ఆదివారం మధ్యాహ్నం రిజిస్టరు చంకన పెట్టుకుని, హెచ్చరించడానికి అక్కడికి బయల్దేరాను. దేవుని పని మీద మెట్రోలో నిలబడి వెళ్తున్నానని నాకు నేనే చాలా గొప్పగా కనిపించాను.

గేటు దగ్గరే నా గొప్పతనం ఆగిపోయింది.

"బ్రదర్‌గారూ, వందనాలు. ముందు బూట్లు," అంటూ సంచిలోంచి ఆ బ్రష్షు తీసి నా చేతికిచ్చారు. "అడుగున రుద్దండి. మయూర్ విహార్ కలుపు మాకొద్దు."

నా వెనక ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, ఒక సర్దార్‌జీ కుటుంబం క్యూలో ఉన్నారు. ఒంటికాలి మీద నిలబడి, చంకన రిజిస్టరుతో, బూటు అడుగు రుద్దాను.

లోపల పార్కు ఉంటుందనుకున్నాను. కత్తిరించిన పచ్చిక, బంతిపూలు, ఒక ఫౌంటెన్. తీరా చూస్తే ఎండుగడ్డి రంగులో మోకాలి దాకా ఏదో పెరిగి ఉంది, గాలికి ఒక పక్కకు వాలుతూ లేస్తూ. చొరవగా ఒక మంచి మాట అందామని, "ఈ కలుపంతా ఎప్పుడు పీకిస్తారు సిస్టర్?" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. "పీకినాకనే ఇది వచ్చింది," అన్నారు.

ఆమె నడక ఆపరు. మాట్లాడితే ఆమె వీపుతో మాట్లాడాలి. నేను వెనకే నడుస్తూ, సంఘంగా కూడుకోవడం గురించీ, దీవెన పొందడం గురించీ సిద్ధం చేసుకున్న లేఖనం ఎత్తుకున్నాను. సగంలో ఆమె అరచేయి లేచింది. వెనక్కి, సరిగ్గా నా ముఖానికి ఎదురుగా. ట్రాఫిక్ పోలీసు బస్సును ఆపినట్టు నన్నూ లేఖనాన్నీ కలిపి ఆపారు. గడ్డిలో ఏదో పిట్ట రెండు ముక్కలు పలికి ఊరుకుంది. ఆ తర్వాత కూడా చాలాసేపు ఆ చేయి దిగలేదు.

"ఆ, ఇప్పుడు చెప్పండి. యాడ ఆపినారు?"

నాకు గుర్తు రాలేదు. ముప్పై ఏళ్ళుగా కంఠతా వచ్చిన భాగం అది.

చివరికి అసలు ప్రశ్న అడిగేశాను: ఆశీర్వాదానికి ఎందుకు ఉండరు?

"ఇది జనానికి తెరిచేది ఆదివారం ఒక్కపూటే బ్రదర్‌గారూ. రెండు గంటలకు. తాళంచెవి నా కాడ ఉంది. ఆశీర్వాదం దాకా ఉంటే ఆ మెట్రో పోతాది, ఇంకొకటి ఎక్కితే రెండున్నర అవుతాది. ఎండలో పిల్లల్ని ఏసుకుని నిలబడి ఉంటారు గదా," అని, కొంచెం ఆగి, "అయినా అయ్యగారు చేయి ఎత్తడం చూస్తానే పోతాను. తలుపు దాటేలోపల మీద పడకుండా ఉంటాదా?" అన్నారు.

ఆరు నెలలు రాశాను కానీ ఒక్కసారి అడగలేదు. అయినా ఆ రోజు సిగ్గుపడ్డానని చెప్తే అబద్ధం. ఇంటికి వెళ్ళి 'విశేషాలు' గడిలో "కారణం చెప్పారు, పరిశీలనలో ఉంది" అని రాశాను.

బయటికి వచ్చేటప్పుడు ఇంకో తంతు. గేటు లోపల నేల మీద ఒక తెల్ల దుప్పటి పరిచి ఉంటుంది. దాని మీద నిలబడి, బట్టలకు అంటుకున్న గింజలన్నీ ఏరి డబ్బాలో వేస్తే గానీ వదలరు. "మీ ప్యాంటులో మా గడ్డి ఉంది. ఇచ్చి పోండి," అంటారు. సర్దార్‌జీ, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు వరసగా వంగి సాక్సులు ఏరుకుంటున్నారు. నేనూ వంగాను.

"లాగొద్దు," అన్నారు, నా పక్కన గొంతు కూర్చుని. "లాగితే తోక ఊడి చేతికొస్తాది, మొన లోపలే ఉంటాది. ఇట్ల, మెల్లగా తిప్పండి. అదే వస్తాది."

ఆ గింజ మీద తర్వాత మూడు ప్రసంగాలు చేశాను. మూడింటిలోనూ ఆమె అన్నట్టు చెప్పలేదు. పరిశుద్ధాత్మ నాకు నేరుగా బయలుపరచినట్టే చెప్పాను.

ఇక నా అసలు తప్పు. దానికి ముందు మా అమ్మాయి గురించి చెప్పాలి.

ఒక్కతే కూతురు. ఢిల్లీలో పుట్టింది, నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మేము తెలుగులో అడుగుతాం, తను హిందీలో జవాబు చెప్తుంది. పాటలు పాడుతుంది, ఆరాధనకు వస్తుంది, కానీ బాప్తిస్మం తీసుకోలేదు. ఇరవై నాలుగేళ్ళు వచ్చాయి. తోటి పిల్లలంతా తీసుకున్నారు. సంఘ పెద్ద కూతురు నీళ్ళలో దిగకుండా బల్ల ఆరాధన రోజు, బాప్తిస్మం లేనివాళ్ళు రొట్టె తీసుకోకూడదు కాబట్టి, పళ్ళెం పక్కకు జరిపేస్తుంటే, ప్రతిసారీ నా వీపు మీద చూపులు పడుతున్నట్టు ఉండేది. ఆమె రక్షణ కోసమే నా ఆరాటం అని రోజూ ప్రార్థనలో దేవునికి చెప్పేవాణ్ణి. ఆయన ఏమీ అనేవాడు కాదు.

ఒకరోజు రాత్రి భోజనం దగ్గర మళ్ళీ అడిగాను. ఫోన్ చూసుకుంటూ "ఠీక్ హై డాడీ" అంది. అంతే. మర్నాడు పొద్దున్నే వంద కార్డులు అచ్చుకు ఇచ్చాను.

మా సంఘానికి బాప్తిస్మపు తొట్టి లేదు. అయ్యగారి మేడ మీద నీలం ప్లాస్టిక్ తొట్టిలో ఇస్తాం. అంతకు ముందు ఏడు పొడుగాటి అబ్బాయి ఒకడికి తల ముంచితే కాళ్ళు తేలాయి, కాళ్ళు ముంచితే తల. యమునలో దిగుదామంటే ఆ నురగ చూసి ఎవరికీ ధైర్యం చాలదు. అప్పుడు నాకు ఫరీదాబాద్ కుంట జ్ఞాపకం వచ్చింది. తేట నీళ్ళు, చుట్టూ జమ్ము, మీద ఆకాశం. కార్డులో "ప్రకృతి ఒడిలో, సహజ జలాలలో" అని వేయించేశాను. ఆమెను అడగడం ఒక్కటే మిగిలింది.

ఆ ఆదివారం ఆమె లేవగానే నేనూ లేచి వరండాలో పట్టుకున్నాను.

"సిస్టర్‌గారూ, దేవుని పని మీద ఒక మాట."

"నడుస్తా మాట్లాడుకుందాం."

మెట్రో మెట్ల దాకా నడుస్తూ చెప్పాను. మెట్ల దగ్గర ఆగారు. ఆమె ఆగడం చూడటం నాకు అదే మొదటిసారి.

"పాప అడిగిందా, ఆడ కావాలని?"

"పాపకు చెప్తాను. నీళ్ళు చూస్తే తనే సంతోషిస్తుంది."

"కుదరదు బ్రదర్‌గారూ. జమ్ములో నీటికోడి గుడ్లు పెట్టుకోని ఉంది. అదీగాక అడుగున బంకమట్టి పరిచినాం. కాళ్ళు పడితే నీళ్ళు నిలవవు."

"ఇది ప్రభువు ఆజ్ఞ సిస్టర్," అన్నాను, గొంతు కొంచెం పెంచి.

"గుడ్లు పెట్టమన్నది ఎవరి ఆజ్ఞ?" అని, మెట్లెక్కి వెళ్ళిపోయారు.

దానికి తగిన జవాబు నాకు తట్టింది. కాకపోతే మంగళవారం తట్టింది.

అయ్యగారికి ఫిర్యాదు చేశాను. ఆయన మెత్తని మనిషి. "ఆమెను నొప్పించొద్దు బ్రదర్. అయినా ఆ కుంట లోతు ఎంతో మీకు తెలుసా? నడుము లోతైనా లేకపోతే మనకు పనికిరాదు కదా," అన్నారు. వద్దనడానికి ఆయన వెతుక్కున్న దారి అది. నేను దాన్ని అనుమతి అనుకున్నాను.

శనివారం పొద్దున, ఊరికే చూసొద్దాం రమ్మని మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. చేతిలో పొడుగు గొడుగు. మబ్బు పట్టి ఉంది గానీ వాన లేదు. సిస్టర్‌గారు గేటు తీసి, గొడుగు చూసి, ఆకాశం చూసి, బ్రష్షు ఇచ్చారు. కాసేపటికి మా అమ్మాయిని అటువైపు గడ్డిలో ఏదో పురుగుగూడు చూపించడానికి తీసుకెళ్ళారు. ఇదే సమయమని నేను కుంట ఒడ్డుకు చేరి, గొడుగు తిరగేసి, నీళ్ళలో గుచ్చాను. దిగింది. ఇంకొంచెం నొక్కాను. ఇంకా దిగింది. పిడి దాకా దిగింది. పిడి వెనకాల నేనున్నాను.

నడుము లోతు ఉంది. అయ్యగారికి సరిపోతుంది అన్న ఆలోచన పడుతుండగానే వచ్చింది, సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను.

నేను పడ్డ చప్పుడుకు జమ్ములోంచి నల్లటి పిట్ట ఒకటి గోలగోలగా అరుస్తూ, నీళ్ళ మీద పరుగెత్తి, అవతలి గడ్డిలో దూరిపోయింది. సిస్టర్‌గారు వచ్చారు. పరుగెత్తలేదు. నాచు తీసే పొడుగాటి వెదురు కొంకి తెచ్చి నా వైపు చాచారు. బురదలో మోకాళ్ళ దాకా దిగబడి, తల మీద నాచుతో నేను ఆ కర్ర పట్టుకుంటే, నన్ను కిందా మీదా చూసి,

"బ్రదర్‌గారూ, మీరు ఇదివరకే తీసుకున్నారు గదా?" అన్నారు.

మా అమ్మాయి నవ్వింది. చిన్నప్పుడు నవ్వినట్టు, పొట్ట పట్టుకుని, నేల మీద కూర్చుని నవ్వింది. "సారీ డాడీ, సారీ" అంటూ మళ్ళీ నవ్వింది.

సిస్టర్‌గారు మాత్రం నవ్వడం లేదు. పిట్ట వెళ్ళిన వైపే చూస్తున్నారు. "గొంతు తగ్గించు పాపా. అది గూడు వదిలి పోయింది. తిరిగి వస్తే సరే. రాకపోతే గుడ్లు పోతాయి. పదండి, దూరంగా కూర్చుందాం."

గేటు దగ్గర దుప్పటి మీద కూర్చున్నాం, ముగ్గురం. నా ఒంటి నుంచి నీళ్ళు కారుతున్నాయి. తడిసిన ప్యాంటుకు గింజలు ఇంకా గట్టిగా పట్టుకున్నాయి. ఒక కాలి దగ్గర సిస్టర్‌గారు, ఇంకో కాలి దగ్గర మా అమ్మాయి కూర్చుని ఏరడం మొదలుపెట్టారు. అందరం జమ్ము వైపే చూస్తున్నాం. ఎన్ని గుడ్లని అడిగాను. "ఆరు," అన్నారు.

అప్పుడు ప్రార్థన చేశాను. నేను ప్రార్థనలో పేరున్నవాణ్ణి. నిలబడితే పావుగంటకు తక్కువ చేయను. ఆ రోజు నాకు ఒక్క మంచి మాట దొరకలేదు. 'ప్రభువా, దాన్ని వెనక్కి పంపు' అని మాత్రమే, మళ్ళీ మళ్ళీ, పెదవులు కదపకుండా. వినేవాళ్ళు ఎవరూ లేకుండా చేసిన ప్రార్థన అది. అలా చేసి ఎన్నాళ్ళయిందో లెక్క పెట్టుకుంటే భయమేసింది.

మధ్యలో మా అమ్మాయి మాట్లాడింది. నాతో కాదు, సిస్టర్‌గారితో. గొంతు తగ్గించి, హిందీలో. "ఆంటీ, డాడీ వంద కార్డులు వేయించేశారు. నాకు ఇంకా లోపలి నుంచి రాలేదు. వస్తుందనే అనుకుంటున్నా. కానీ ఇప్పుడు దిగితే డాడీ కోసం దిగినట్టు అవుతుంది. వద్దంటే ఆయన సంఘంలో తల ఎత్తుకోలేరు."

నేను అక్కడే ఉన్నాను. మూరెడు దూరంలో. తన చేతిలో ఉన్నది నా కాలే.

సిస్టర్‌గారు ఏదో ఒక వాక్యం చెప్తారని ఎదురుచూశాను. నేనైతే నాలుగు చెప్పేవాణ్ణి. ఆమె మా అమ్మాయి వేళ్ళ వైపు చూసి, "లాగొద్దు పాపా. తిప్పు," అన్నారు. అంతే. గింజ గురించే అన్నారు. ఇప్పటికీ అది గింజ గురించే అన్నారని నా నమ్మకం. నేను మాత్రం కాలు వెనక్కి లాక్కోబోయి ఆగాను.

ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. ప్యాంటు సగం ఆరింది. అప్పుడు సిస్టర్‌గారి అరచేయి లేచింది. అవతలి ఒడ్డున గడ్డి కదిలింది. నల్లపిట్ట బయటికి వచ్చి, అటూ ఇటూ చూసి, ఒక్కో అడుగూ తోక ఎగరేసుకుంటూ, నీళ్ళ అంచు వెంబడి నడిచి, జమ్ములోకి దూరింది. మళ్ళీ బయటికి రాలేదు.

"కూర్చునింది," అన్నారామె. ఎత్తిన చేయి అప్పుడు గానీ దించలేదు.

నేను మా అమ్మాయి వైపు తిరిగి, "నీకు ఎప్పుడు వస్తే అప్పుడే," అన్నాను. ఇంకేదో కూడా అందామనుకున్నాను గానీ ముక్కులోంచి నాచు వచ్చింది.

తిరుగు ప్రయాణంలో మెట్రో కిటకిటలాడుతున్నా నా పక్క సీటు దిగేదాకా ఖాళీగానే ఉంది. మర్నాడు సంఘం ముందు నిలబడి, కార్యక్రమం వాయిదా పడిందనీ, కారణం నా తొందరేననీ చెప్పాను. వెనక బెంచీలో ఆమె తల ఊపలేదు, నవ్వలేదు. అయ్యగారు చేయి ఎత్తగానే లేచి వెళ్ళిపోయారు.

ఆ ఏడు గడిచింది. నేను అడగలేదు. అడగకుండా ఉండటానికి నేను పడ్డ పాట్లు మా ఆవిడకు తెలుసు. నాలుక మీద మాట పెట్టుకుని, దాన్ని మింగడానికి మంచినీళ్ళు తాగేవాణ్ణి. మా అమ్మాయి నెలకు ఒకటి రెండు ఆదివారాలు ఫరీదాబాద్ వెళ్ళేది. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "కుఛ్ నహీఁ డాడీ, గడ్డి," అనేది.

మళ్ళీ వానలు వచ్చాయి. ఒక సాయంత్రం తడిసి ఇంటికి వచ్చి, చెప్పులు విప్పుతూ, తెలుగులో, తన విరిగిన తెలుగులో, "డాడీ, నేను తీసుకుంటాను. నాకు వచ్చింది," అంది. ఈసారి కార్డులు వేయించలేదు.

నీలం తొట్టిలోనే. అయ్యగారి మేడ మీద, ముప్పైమంది గొడుగుల కింద. మొదలుపెడుతుండగా సిస్టర్‌గారు మెట్లెక్కి వచ్చారు, రెండు చేతుల్లో రెండు క్యాన్లు. మెట్రో దగ్గర గార్డు ఆపి, "గంగాజలమా అమ్మా?" అని అడిగాడట. "కాదు భయ్యా, ఫరీదాబాద్ జలం," అన్నారట. "కుంటలోకి పాపను దిగనియ్యలేదు గదా. కుంటే వచ్చింది," అని, మూతికి పలుచటి గుడ్డ కట్టి, రెండు క్యాన్లూ తొట్టిలో వంచారు.

మా అమ్మాయి దిగింది. అయ్యగారు తల మీద చేయి పెట్టి, కళ్ళు మూసుకుని, మాట ఎత్తబోయారు. సిస్టర్‌గారి అరచేయి లేచింది.

అయ్యగారు ఆగారు. సంఘమంతా ఆగింది. ఆమె ముందుకు వచ్చి, తొట్టిలోకి వంగి, గుడ్డను కూడా తప్పించుకుని వచ్చిన ఒక కప్పపిల్లను, తోకతో ఈదుతున్న దాన్ని, స్టీలు గ్లాసుతో మెల్లగా పట్టారు. గ్లాసులోకి చూసి, ఒకటేనని తేల్చుకుని, "ఆ, ఇప్పుడు చెప్పండి అయ్యగారూ," అన్నారు.

మా అమ్మాయి నవ్వుతూ మునిగి, నవ్వుతూ లేచింది. నేను ఏడ్చాను. అది వాన అని అందరికీ చెప్పాను.

అయ్యగారు ఆశీర్వాదానికి చేయి ఎత్తగానే, గ్లాసు మీద అరచేయి మూతగా పెట్టుకుని, సిస్టర్‌గారు మెట్లు దిగి వెళ్ళిపోయారు. రిజిస్టరు నా చేతిలోనే ఉంది. పెన్ను కూడా ఉంది. ఆ రోజు నుంచి 'విశేషాలు' గడి ఖాళీ.

పోయిన చలికాలం, పొగమంచు దట్టంగా ఉన్న వారంలో, ఊపిరితిత్తుల జబ్బుతో వెళ్ళిపోయారు. జ్ఞాపకార్థ కూడికలో మాట్లాడమన్నారు. నాలుగు పేజీలు రాసుకుని లేచాను. ఆమె అనంతపురం పక్క ఏ ఊరో నాకు తెలియదు, ఎక్కడ చదివారో తెలియదు. నమ్మకమైన సేవకురాలు అని మొదలుపెట్టి, అక్కడే కాగితాలు మడిచేసి, కూర్చున్నాను. సంఘ చరిత్రలో నా అతి చిన్న ప్రసంగం అదే. బాగుందన్నారు.

సరే, ఈ గింజ. ఆమె చేతికి దొరక్కుండా గేటు దాటింది. అగ్గిపెట్టెలో పెట్టి, వచ్చిన ఆదివారం జేబులో వేసుకుని ఆరాధనకు వెళ్ళాను. ముగింపు ప్రార్థన అయింది. గడియారం చూసుకున్నాను. రెండు గంటల గేటు. ఆ మెట్రో తప్పితే ఇంకొకటి. అయ్యగారు చేయి ఎత్తారు. నేను లేచాను. మొదటి వరుస నుంచి తలుపు దాకా ఎంత దూరమో, ఎన్ని కళ్ళో, అప్పుడే తెలిసింది. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను. తలుపు దాటేలోపల ఆ మాటలు వీపు మీద పడ్డాయి. ఆమె చెప్పినట్టే పడ్డాయి.

గేటు దగ్గర ఎవరో కొత్తావిడ, హర్యానా యాస. బ్రష్షు ఇచ్చింది, రుద్దాను. గడ్డి నా మోకాలి దాకా ఉంది. అగ్గిపెట్టె తెరిచి, గింజను కుంట పక్క నేల మీద పెట్టాను. జమ్ములో ఏదో కదిలింది. నా అరచేయి దానంతట అదే లేచింది, ఆపడానికి నా వెనక ఎవరూ లేకపోయినా. తిరిగి వస్తుంటే, "అంకుల్, చాదర్ పర్," అందావిడ. దుప్పటి అదే, కొంచెం మాసింది. నిలబడి ఏరుకున్నాను. పదకొండు దొరికాయి. ఒక్కటీ లాగలేదు.

సాయంత్రం ఇంటికొస్తే బల్ల మీద రిజిస్టరు. ఈ ఏడు నుంచి అది మా అమ్మాయి చూస్తోంది. తెలుగు రాయడం రాదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తుంది. నా పేరుకు ఎదురుగా, ఏళ్ళ తర్వాత 'విశేషాలు' గడి నిండింది: "డాడీ ఆశీర్వాదానికి ముందే వెళ్ళిపోయారు." పక్కన ఒక చిన్న కప్ప బొమ్మ.

చదువుతున్న మీరు ఎక్కడున్నా, ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. తండ్రీ, దీవెన పూర్తిగా వినకుండా లేచి వెళ్ళిపోయేవాళ్ళను ఈ పూట నీ చేతులకు అప్పగిస్తున్నాము. వాళ్ళు ఎవరి కోసం గేటు తీయడానికి వెళ్తున్నారో నీకు తెలుసు, మాకు తెలియదు. మేము తొందరపడి లాగిన ప్రతిచోటా లోపల ఉండిపోయిన మొనను నువ్వే మెల్లగా తిప్పి తీయి. మా కోసం గొంతు కూర్చుని మా కాళ్ళ దగ్గర గింజలు ఏరిన ఆమెను నీ దగ్గర కూర్చోబెట్టుకో. బెంచీ మీద పేరు మాత్రం రాయకు. ఈ ప్రార్థన ముగియకముందే మీలో ఎవరైనా లేవాల్సి వస్తే, లేచి వెళ్ళండి. మేము రాసుకోము. మిగిలినవాళ్ళం చెప్తాం, ఆమేన్.